టైడా తోట కొలనుకు ఏ ఫిల్టరు?

శృంగవరపుకోట దాటి అరకు ఘాటెక్కే దారిలో ఉన్న టైడాలో, ఆ చుట్టుపక్కల కొండ ఊళ్లలో తోట కొలను కట్టుకునేవారు ఫిల్టరు కొనేముందు రెండు విషయాలు చూసుకోవాలి. వానాకాలంలో వాలు మీది మట్టి కొట్టుకొచ్చి నీళ్లలో కలుస్తుంది. గాలివానకు కరెంటు పోతే ఎప్పుడొస్తుందో చెప్పలేం. అందుకే ఇక్కడికి మూతబిగించిన డబ్బా ఫిల్టరు కంటే ఒక మడ్డి తొట్టి, దాని పక్కన మొక్కలు నాటిన కంకర మడి మేలని నా అభిప్రాయం.

చేపల విసర్జన నుంచి, కుళ్లిన ఆకుల నుంచి అమ్మోనియా పుడుతుంది. కంటికి తేటగా కనిపించే నీళ్లలోనూ అది చేపల్ని చంపగలదు. కంకరకు అంటుకుని బతికే బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైటుగా, తర్వాత అంత హాని చేయని నైట్రేటుగా మారుస్తుంది. ఆ నైట్రేటును జమ్ము, తుంగ, వస వంటి మొక్కల వేళ్లు పీల్చుకుంటాయి. ఈ బ్యాక్టీరియాకు ఆక్సిజన్ కావాలి. పంపు ఆగితే మూసిన డబ్బాలో కొన్ని గంటల్లోనే అది చావడం మొదలవుతుంది. పైన గాలి తగిలే తడి కంకరలో అంతకన్నా ఎక్కువసేపు నిలుస్తుంది. అల్ట్రావయొలెట్ దీపం పెడితే పచ్చనీళ్లు త్వరగా తేటపడతాయన్నది నిజమే, కానీ అమ్మోనియాను అది ముట్టుకోదు.

కంకర పూడిపోతుందన్న అభ్యంతరం న్యాయమైనదే. అందుకే ముందు మడ్డి తొట్టి ఉండాలి, దాని అడుగున తూము పెట్టి వానల్లో తరచూ వదిలేయాలి. వాలు మీది వరదనీరు అసలు కొలనులోకే రాకుండా చుట్టూ గట్టు, కాలువ ఉంటే సగం బెడద తప్పుతుంది. మలేరియా భయమున్న మన్యంలో దోమల మాట కొట్టిపారేయకూడదు. మడిలో నీటిమట్టం కంకర పైభాగానికి కాస్త కిందే ఉంచితే అక్కడ దోమ గుడ్లు పెట్టలేదు. కొలనులో లార్వాలను చేపలు తింటాయి, అయితే గంబూసియా లాంటి పరాయి చేపను, గుర్రపుడెక్కను మాత్రం తేవద్దు. అవి గెడ్డల్లోకి చేరితే ఆపలేం.

3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 1 మీటరు లోతు కొలనులో 6,000 లీటర్లు పడతాయి. చేపలు బాగా ఉంటే ఆ నీరంతా రెండు గంటలకోసారి తిరగాలి, అంటే గంటకు 3,000 లీటర్లు. పంపు పెట్టె మీద రాసిన అంకె నీటిని ఎత్తనప్పటిది. మడి ఎంత ఎత్తున ఉంటే అంత తగ్గుతుంది కాబట్టి, ఆ ఎత్తుకు ఎన్ని లీటర్లు ఇస్తుందో కొట్టువాణ్ణి అడిగి కొనండి. మడిలో బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి నెల, నెలన్నర పడుతుంది, అప్పటిదాకా చేపల్ని కొద్దికొద్దిగానే వదలండి. కంకరను క్లోరిన్ కలిపిన నీళ్లతో కాక కొలను నీళ్లతోనే కడగండి.