పేరు మనది, పెత్తనం ఎవరిది?

కేంద్ర ప్రభుత్వ శాఖలు, ప్రభుత్వరంగ సంస్థలు తమ కొనుగోళ్లలో 4 శాతం దళితులు, ఆదివాసీలు నడిపే సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి కొనాలని 2012 నాటి విధానం చెప్పింది. భాగస్వామ్య సంస్థయితే వాళ్ల వాటా కనీసం 51 శాతం ఉండాలి. ఇలాంటి నిబంధన ఎక్కడున్నా ఒక పాత పద్ధతి వెంటే వస్తుంది. కాయితం మీద 51 శాతం మనోడికి, గల్లాపెట్టె తాళం పెట్టుబడి పెట్టిన పెద్దమనిషికి. ఈ ఏర్పాటును చట్టం ఎలా చూస్తుందో చెప్పడానికే మేమిది రాస్తున్నాం.

భాగస్వామ్య సంస్థలకు ఆధారం 1932 నాటి చట్టం. ఒప్పందం నోటిమాటగా ఉన్నా చెల్లుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మనోళ్ల కొంప ముంచేది ఇదే. 69వ సెక్షన్ ప్రకారం, రిజిస్టరు కాని సంస్థలో భాగస్వామి ఒప్పందం ప్రకారం తనకు రావాల్సిన దానికోసం తోటి భాగస్వాముల మీద దావా వెయ్యలేడు. సంస్థకు అప్పిచ్చినవాళ్లు మాత్రం అతని మీద వెయ్యొచ్చు. 25వ సెక్షన్ ప్రకారం సంస్థ అప్పులకు భాగస్వాములంతా కలిసీ బాధ్యులే, విడివిడిగానూ బాధ్యులే. "నేను ఉత్త సంతకమే పెట్టాను" అంటే కుదరదు. సంస్థ ఆస్తి చాలకపోతే సొంత ఇంటి మీదికే వస్తారు.

మధ్యలో బయటికి రావడం కూడా అంత తేలిక కాదు. "నేను తప్పుకున్నా" అని ఊరికే వచ్చేస్తే సరిపోదు. రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్‌కు తెలపాలి, గెజెట్‌లోనూ ఒక స్థానిక భాషా పత్రికలోనూ ప్రకటన వేయించాలి. అది లేకపోతే, తర్వాత చేసిన అప్పులూ మెడకు చుట్టుకోవచ్చు.

గడువంటూ పెట్టుకోని సంస్థను రద్దు చెయ్యాలంటే, మిగతా భాగస్వాములందరికీ రాతపూర్వకంగా నోటీసిస్తే చాలు. వేరే ఒప్పందం లేకపోతే ఆస్తిలోంచి ముందు బయటి అప్పులు తీర్చాలి. తర్వాత భాగస్వాములు సంస్థకిచ్చిన అప్పులు, ఆ తర్వాత పెట్టుబడులు. మిగిలింది లాభాల వాటా ప్రకారం పంచుకోవాలి. రిజిస్టరు కాని సంస్థలోనైనా రద్దు కోసం, రద్దయిన సంస్థ లెక్కల కోసం దావా వేసే హక్కు మాత్రం మిగిలే ఉంది. మోసపోయినవాళ్లకు అదొక దారి.

కాబట్టి సంతకానికి ముందే కొన్ని అడగాలి. ఒప్పందం కాయితం మీద ఉందా? సంస్థ రిజిస్టరయిందా? రిజిస్టర్‌లో మన పేరెక్కిందా? బ్యాంకు ఖాతాలో మన సంతకం నడుస్తుందా? లెక్కల పుస్తకాలు చూసే హక్కు 12వ సెక్షన్ ఇచ్చింది. ఒప్పందంలో దాన్ని కోసేశారేమో చూసుకోవాలి. చదువుకున్న మన పిల్లల చేత ఆ కాయితాన్ని ఒక్కసారి గట్టిగా చదివించుకోవడం నామోషీ కాదు.