ఎరువు వస్తువు – విద్యార్థి బాధ్యత

'ఎరువు' అనగానే పొలానికి వేసే సత్తువ అన్న అర్థమే నేటి విద్యార్థులకు స్ఫురిస్తుంది. కాని ఆ మాటకు మరొక పాత అర్థం ఉంది. కొంతకాలం వాడుకొని తిరిగి ఇచ్చివేసే షరతు మీద ఇతరుల నుండి తెచ్చుకొన్న వస్తువును కూడా ఎరువు అంటారు. అప్పుగా తెచ్చిన డబ్బును ఖర్చు చేసి, వేరే డబ్బుతో తీర్చవచ్చు. ఎరువు తెచ్చిన వస్తువును అలా తీర్చడానికి వీలులేదు. తెచ్చిన వస్తువునే, తెచ్చిన స్థితిలోనే తిరిగి అప్పగించాలి. శుభకార్యాలకు ఇరుగుపొరుగుల నగలు తెచ్చుకొనే అలవాటు నుండి 'ఎరువుల సొమ్ము బరువుల చేటు' అన్న సామెత వచ్చింది. నగ ఒంటి మీద ఉన్నంతసేపూ దాని భారం మనసు మీద ఉంటుందని ఈ సామెత భావం. పాఠశాల గాని, కళాశాల గాని విద్యార్థి చేతికి ఇచ్చే కంప్యూటరు ఈ కాలపు ఎరువు సొమ్ము. దానిని ఎలా వాడుకోవాలి, దాని ద్వారా అంతర్జాలంలో ఎలా మెలగాలి అన్న విషయాలను తెలుసుకోవడం ప్రతి విద్యార్థికీ అవసరం.

శ్రీకాకుళం జిల్లా ఉత్తర భాగంలో సముద్ర తీరం వెంట విస్తరించిన ప్రాంతానికి ఉద్దానం అని పేరు. 'ఉద్యానం' అన్న మాటే ఉద్దానంగా మారిందని చెబుతారు. కొబ్బరి, జీడి, పనస తోటలు ఈ ప్రాంతపు సంపద. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మొదలైన మండలాల విద్యార్థులు చాలామంది పై చదువులకు పలాస, టెక్కలి పట్టణాలకు వస్తుంటారు. వీరి తల్లిదండ్రులలో జీడి పిక్కలను ఒలిచి పప్పు తీసే పనివారు, చేపల వేట మీద బతికేవారు, కూలి కోసం దూర ప్రాంతాలకు వలస వెళ్లినవారు ఎందరో ఉన్నారు. ఇటువంటి కుటుంబాలలో అనేకమందికి ప్రభుత్వం ఇచ్చిన ట్యాబే ఇంట్లోకి వచ్చిన మొదటి కంప్యూటరు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ట్యాబుల పంపిణీని ప్రారంభించింది. ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలల్లో 8వ తరగతి చదువుతున్న 4,59,564 మంది విద్యార్థులకు, 59,176 మంది ఉపాధ్యాయులకు, మొత్తం 5,18,740 ట్యాబులను ఇవ్వడానికి సంకల్పించింది. వీటి కోసం 686 కోట్ల రూపాయలు వెచ్చించినట్లు ప్రకటించింది. మరుసటి సంవత్సరం 2023 డిసెంబరు 21న అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లిలో రెండవ విడత పంపిణీ మొదలయింది. ఆ ట్యాబులలో బైజూస్ సంస్థ రూపొందించిన పాఠాలను పొందుపరిచారు. పాఠాలు తప్ప ఇతర అంశాలు తెరుచుకోకుండా నియంత్రించే ఏర్పాటును కూడా చేశారు. మొదటి విడతలో ట్యాబు అందుకొన్న విద్యార్థులు 2025లో పదవ తరగతి పూర్తి చేశారు.

పై లెక్క ప్రకారం ఒక్కొక్క ట్యాబుకు అయిన సగటు ఖర్చు 13 వేల రూపాయలకు పైమాటే. దానిని కానుక అన్నా, ఎరువు అన్నా, ఆ సొమ్ము ప్రజలది. సబ్బు వంటి వస్తువు కొన్న ప్రతివాడూ చెల్లించిన పన్నులో కొంత అందులో ఉంది. ప్రజల సొమ్ముతో కొన్న వస్తువును వాడుకొనేవాడు దానికి యజమాని కాడు, ధర్మకర్త మాత్రమే. కంప్యూటరు వాడకానికి సంబంధించిన నియమాలన్నీ ఈ ఒక్క సూత్రం నుండే పుడతాయి.

మొదటి నియమం వస్తువు రక్షణకు సంబంధించినది. కంప్యూటరు ఇచ్చేటప్పుడు దాని సంఖ్యను, స్థితిని రిజిస్టరులో రాసి, విద్యార్థి చేత, తల్లి లేక తండ్రి చేత సంతకం చేయించాలి. తెర మీద అప్పటికే గీత ఉంటే ఆ సంగతి కూడా రాయాలి. ఈ చిన్న జాగ్రత్త తరువాత వచ్చే వివాదాలను చాలావరకు నివారిస్తుంది. తీర ప్రాంతంలో మరొక చిక్కు ఉంది. సముద్రపు గాలిలోని తేమ, ఉప్పు కలిసి లోహపు భాగాలను తుప్పు పట్టిస్తాయి. కనుక ఛార్జింగు పెట్టే రంధ్రాన్ని పొడిగా ఉంచాలి. తడి చేతులతో తీగను తాకరాదు. దిండు కింద గాని, పరుపు మీద గాని పెట్టి ఛార్జింగు చేయరాదు. వేడి బయటకు పోయే దారి లేక బ్యాటరీ దెబ్బతినే ప్రమాదం ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపంలో గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల వేగపు గాలులతో తీరం దాటింది. కొబ్బరి చెట్లు వేల సంఖ్యలో నేలకూలాయి. ఎన్నో గ్రామాలు రోజుల తరబడి చీకటిలో మగ్గాయి. అటువంటి తీరంలో తుఫాను హెచ్చరిక వినగానే కంప్యూటరును నీరు చొరబడని సంచిలో కట్టి ఎత్తయిన చోట ఉంచడం కూడా నియమాలలో చేరవలసిన విషయమే.

జాగ్రత్తలన్నీ తీసుకొన్నా వస్తువు చెడిపోవచ్చు. అప్పుడు నష్టం ఎవరు భరించాలి? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పడం తేలిక కాదు. ఉద్దానంలో దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి ఎన్నో కుటుంబాలను కుంగదీసింది. డయాలసిస్ చేయించుకొంటున్న మనిషి ఉన్న ఇంట్లో పగిలిన తెరకు వేల రూపాయల జరిమానా చెల్లించమంటే ఆ కుటుంబం తట్టుకోలేదు. ఆ భయంతో తల్లిదండ్రులు ట్యాబును పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. వస్తువు భద్రంగానే ఉంటుంది. చదువు మాత్రం సాగదు. అలాగని ఏ బాధ్యతా లేదంటే నిర్లక్ష్యం పెరుగుతుంది. కనుక మంచి నియమం మూడింటిని వేరుచేసి చూడాలి. తుఫాను, దొంగతనం, పరికరంలోని లోపం వంటి వాటికి విద్యార్థి బాధ్యుడు కాడు. చేయి జారి పడిపోవడం పొరపాటు. దానిని దాచకుండా వెంటనే తెలియజేసినవాడిని దండించరాదు. కావాలని పాడుచేయడం, అమ్మివేయడం, కుదువ పెట్టడం తప్పు. వీటికే శిక్ష ఉండాలి. నిజం చెప్పినవాడికి మేలు కలిగేలా నియమం ఉన్నప్పుడే నిజం బయటకు వస్తుంది.

వస్తువు చెడిపోవడం కంటె వాడకుండా పడి ఉండడం పెద్ద నష్టం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 ప్రాంతంలో సుమారు 5,000 ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో కంప్యూటరు గదులను ఏర్పాటు చేశారు. వాటి నిర్వహణను ఐదేళ్ల ఒప్పందం మీద ప్రైవేటు సంస్థలకు అప్పగించారు. ఒప్పంద కాలం ముగిశాక అనేక పాఠశాలల్లో బోధించేవారు లేక, మరమ్మతు చేసేవారు లేక ఆ గదులకు తాళాలు పడ్డాయి. వస్తువును కొనడానికి ఒక్కసారి డబ్బు చాలు. దానిని నడిపించడానికి మాత్రం ఏటా డబ్బు, మనుషులు, శ్రద్ధ కావాలి.

రెండవ నియమం కంప్యూటరుకు వేసిన కట్టుబాట్లకు సంబంధించినది. పాఠశాల పరికరాలలో ఆటలు, అనవసరమైన వీడియోలు తెరుచుకోకుండా ఒక తాళం వంటి ఏర్పాటు ఉంటుంది. ఆ తాళాన్ని తీసివేయడం ప్రతిభకు గుర్తుగా కొందరు భావిస్తారు. 2013లో అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరంలో పాఠశాలలు విద్యార్థులకు ఐప్యాడ్‌లను పంచాయి. కొద్ది రోజులలోనే ఒక ఉన్నత పాఠశాలలో దాదాపు 300 మంది విద్యార్థులు రక్షణ ఏర్పాటును తొలగించి తమకు నచ్చినవి చూడసాగారు. ఫలితంగా ఆ పరికరాలను ఇంటికి తీసుకువెళ్లే సౌకర్యమే నిలిచిపోయింది. తాళం తీసినవారితో పాటు, తీయనివారు కూడా నష్టపోయారు. తాళం తీసిన పరికరంలోకి తెలియని చోటి నుండి దించుకొన్న యాప్‌లతో పాటు వైరస్‌లు, దొంగ ప్రోగ్రాములు చేరే ప్రమాదం కూడా ఉంది. అయితే ఒక మాట చెప్పుకోవాలి. చదువుకు నిజంగా కావలసిన పేజీ తెరుచుకోకపోతే ఉపాధ్యాయునికి చెప్పి తెరిపించుకొనే హక్కు విద్యార్థికి ఉంటుంది. అడిగే దారి తెరిచి ఉంటే, గోడ దూకే అవసరం తగ్గుతుంది.

మూడవ నియమం పాస్‌వర్డుకు సంబంధించినది. ఒకే కంప్యూటరును పదిమంది వాడే చోట ఇది మరీ ముఖ్యం. ప్రవేశ పరీక్షల దరఖాస్తులకు, హాల్ టిక్కెట్లకు, ఉపకార వేతనాలకు విద్యార్థులు పలాస, టెక్కలి పట్టణాల్లోని ఇంటర్నెట్ కేంద్రాలకు వెళ్తుంటారు. అక్కడ పని ముగిశాక ఖాతా నుండి బయటకు రావాలి. దించుకొన్న ఆధార్, కుల ధ్రువీకరణ, మార్కుల పత్రాల ప్రతులను ఆ కంప్యూటరు నుండి తుడిచివేయాలి. పాస్‌వర్డును గాని, ఫోనుకు వచ్చిన ఓటీపీని గాని ఎంతటి స్నేహితునికీ చెప్పరాదు. స్నేహితుని ఖాతాలోకి అతనికి తెలియకుండా ప్రవేశించి సరదాకు ఒక మాట రాయడం కూడా సరదాగా ముగియదు. ఇతరుల పాస్‌వర్డును మోసంతో వాడుకోవడం సమాచార సాంకేతికత చట్టం, 2000లోని 66సి సెక్షన్ ప్రకారం నేరం. దీనికి మూడేళ్ల వరకు జైలుశిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు.

నాలుగవ నియమం తోటివారి గౌరవానికి సంబంధించినది. ఎదుట నిలబడి అనలేని మాటను తెర చాటున అనరాదు. ఇతరుల ఫోటోను వారి అనుమతి లేకుండా తీయరాదు, తీసినా పంచరాదు. ఆసుపత్రి మంచం మీద ఉన్న పొరుగింటి పెద్దాయన బొమ్మను జాలితోనే పంపినా, అది ఆయన వ్యాధిని ఊరందరికీ చాటడమే అవుతుంది. జాలి మంచిదే కాని, అనుమతికి అది బదులు కాదు. సహవిద్యార్థిని ఫోటోను మార్చి అసభ్యంగా చేయడం, అటువంటి దానిని మరొకరికి పంపడం ఘోరమైన నేరం. ఒకరి శరీరపు ఆంతరంగికతను భంగపరిచే చిత్రాలకు 66ఇ సెక్షన్, పిల్లలను అసభ్యంగా చూపే చిత్రాలకు 67బి సెక్షన్ వర్తిస్తాయి. 67బి ప్రకారం మొదటిసారి నేరానికే ఐదేళ్ల వరకు జైలుశిక్ష, పది లక్షల రూపాయల వరకు జరిమానా ఉంటాయి. 'నేను తయారు చేయలేదు, వచ్చినదాన్ని పంపాను' అన్న మాట తప్పించుకొనే దారి కాదు. కృత్రిమ మేధతో క్షణాలలో నకిలీ బొమ్మలు తయారవుతున్న ఈ కాలంలో, చూసిన ప్రతిదానినీ నమ్మి పంపకపోవడం కూడా నాగరికతే.

నియమాలు తీసుకొన్నవారికే కాదు, ఇచ్చినవారికి కూడా ఉండాలి. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో లోయర్ మెరియన్ అనే పాఠశాలల విభాగం సుమారు 2,300 మంది విద్యార్థులకు ల్యాప్‌టాప్‌లను ఎరువిచ్చింది. పోయిన వాటిని కనిపెట్టడానికని వాటిలోని కెమెరాలను దూరం నుండి పనిచేయించే ఏర్పాటును పెట్టింది. ఆ కెమెరాలు ఇళ్లలో ఉన్న విద్యార్థుల ఫోటోలను వారికి తెలియకుండానే తీశాయని 2010లో బయటపడింది. విషయం న్యాయస్థానానికి చేరింది. చివరకు 6,10,000 డాలర్లకు రాజీ కుదిరింది. వస్తువును కాపాడుకొనే హక్కు మనిషి ఇంట్లోకి తొంగిచూసే హక్కుగా మారరాదని ఈ ఉదంతం తెలుపుతుంది.

మన దేశంలో 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలను 2025 నవంబరులో ప్రకటించి దశలవారీగా అమలులోకి తెస్తున్నారు. 18 ఏళ్లు నిండనివారి వ్యక్తిగత సమాచారాన్ని తీసుకోవడానికి తల్లి, తండ్రి లేక సంరక్షకుల అనుమతి ఉండాలని ఆ చట్టం చెబుతుంది. ట్యాబులలో పాఠాలను సమకూర్చిన బైజూస్ సంస్థపై 2024 జూలైలో దివాలా ప్రక్రియ మొదలయింది. సంస్థలు వస్తాయి, పోతాయి. కనుక విద్యార్థి పేరు, మార్కులు, ఫోన్ నంబరు వంటివి ఎవరి దగ్గర ఉన్నాయో, ఎప్పుడు తుడిచివేస్తారో కంప్యూటరు ఇచ్చిన నాడే చెప్పడం ఇచ్చేవారి ధర్మం.

అంతర్జాలంలో అన్యాయానికి గురైన విద్యార్థి సిగ్గుతో, భయంతో మౌనంగా ఉండరాదు. బెదిరించినవాడు అడిగిన డబ్బు ఇవ్వరాదు. వచ్చిన సందేశాలను తుడిచివేయకుండా సాక్ష్యంగా ఉంచుకోవాలి. నమ్మదగిన ఉపాధ్యాయునికో, ఇంటి పెద్దలకో చెప్పాలి. ఆర్థిక మోసాలకు 1930, బాలల రక్షణకు 1098 నంబర్లకు ఫోన్ చేయవచ్చు. పెద్దలు కూడా ఆ సమయంలో 'నీకెందుకు కంప్యూటరు?' అని పరికరాన్ని లాక్కోరాదు. అలా చేస్తే రెండవసారి ఆపద వచ్చినప్పుడు పిల్లలు చెప్పడమే మానుకొంటారు.

ఒక విద్యార్థి మూడేళ్లు వాడి తిరిగి ఇచ్చిన కంప్యూటరు మరమ్మతు అయి, తరువాతి ఏడాది మరొక విద్యార్థి చేతికి వెళ్లవచ్చు. ఆ చేతులు ఎవరివో మొదటివాడికి తెలియదు. తెలియని ఆ తమ్ముని కోసం, ఆ చెల్లెలి కోసం వస్తువును శుభ్రంగా, తన ఖాతాలు మూసి, చెడు జాడలు లేకుండా అప్పగించడమే ఎరువు తీర్చడం. గ్రంథాలయ పుస్తకాన్ని, ఊరి చెరువును, నీడనిచ్చే తోటను ముందు తరాలు మనకు అప్పగించిన తీరు కూడా ఇదే.