తలకు తగిలితే ఆట ఆపాల్సిందే

దెబ్బ తగిలితే పసుపు అద్దడం ఆర్మూర్ ఇళ్లలో అలవాటే. తల లోపలి దెబ్బ మాత్రం పైకి కనిపించకపోవచ్చు. నిజామాబాద్ అమ్మాయి యెండల సౌందర్య భారత హాకీ జట్టుకు ఆడారు. ఆమెలా ఆడాలని మీ పిల్లలూ స్టిక్కు పడితే ఇది గుర్తుంచుకోండి. ఐస్ హాకీలో అందరికీ హెల్మెట్ ఉంటుంది. మన హాకీలో మామూలుగా గోల్‌కీపర్‌కే. హెల్మెట్ ఉన్నా మెదడు కుదుపును పూర్తిగా ఆపలేదు.

బంతో, స్టిక్కో తగిలాక తలనొప్పి, కళ్లు తిరగడం, తికమక ఉంటే, స్పృహ తప్పకపోయినా ఆ రోజు ఆట ఆపేయాలి. 'ఫైనల్ ఒక్కటే నాన్నా' అని బతిమాలినా ఒప్పుకోవద్దు. కోలుకోకముందే మరో దెబ్బ తగిలితే ప్రాణాలమీదికి రావచ్చు. పదేపదే వాంతులు, మగత, ఫిట్స్ కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తగ్గాక ముందు బడికి పంపండి. డాక్టర్ సరేనన్నాకే మైదానానికి.