జలుబు పది రోజులు దాటితే

మందుల సాయం కోరి మా దగ్గరకు వచ్చే చీటీల్లో సైనస్ పేరు తరచూ కనిపిస్తుంది. చలికాలంలో, చోడవరం చుట్టుపక్కల బెల్లం వండే రోజుల్లో మరీను. పొగ ముక్కు పొరను రేపుతుంది. కాని చీటీలో రాసినదంతా అవసరమేనా అని దాతలైన మీరు అడగాలి, మేమూ అడుగుతున్నాం.

కనుబొమల పైన, కళ్ళ మధ్య, బుగ్గల వెనుక గాలి గదులుంటాయి. జలుబుకు వాటి దారులు వాచి మూసుకుంటే చీమిడి లోపలే నిలుస్తుంది. చాలావరకు అది వైరస్ పని. పెద్దవాళ్ళలో వందకు ఇద్దరికి మించి బ్యాక్టీరియా చేరదు. చీమిడి పచ్చగా ఉందని యాంటీబయాటిక్ మొదలుపెట్టనక్కర్లేదు. పది రోజులైనా తగ్గకపోతే, లేదా తగ్గినట్టే తగ్గి జ్వరం, ముఖం నొప్పి తిరగబెడితే అప్పుడు డాక్టరుకు చూపించాలి. ఎక్స్‌రే వైరస్‌కూ బ్యాక్టీరియాకూ తేడా చెప్పలేదు. సీటీ స్కాన్ నెలల తరబడి బాధపడేవారికి, చిక్కులు వచ్చినవారికి. ఒకవైపే దుర్వాసనతో చీము వస్తుంటే పై దవడ పళ్ళు కూడా చూపించండి.

వుజూలో ముక్కు కడిగే అలవాటు మనకుంది. సైనస్‌కు మాత్రం కాచి చల్లార్చిన పావులీటరు నీటిలో అరచెంచా ఉప్పు కలిపి కడగాలి. కుళాయి నీరు పనికిరాదు.

షుగరు ఉన్నవారి సంగతి వేరు. 2021లో కోవిడ్ తర్వాత బ్లాక్ ఫంగస్ ముక్కు, సైనస్‌ల నుంచే కంటికి పాకింది. ప్రభుత్వం దాన్ని ఆరోగ్యశ్రీలో చేర్చింది. కన్ను వాచినా, ఒకటి రెండుగా కనిపించినా, ముక్కులో నల్లటి చెక్కు కట్టినా ఒక్క రాత్రి కూడా ఆగకుండా విశాఖ తీసుకువెళ్ళాలి. మీ విరాళంలో మేము ముందుగా పక్కన పెట్టేది ఆ ప్రయాణ ఖర్చే.