మంచు కింద దాగిన వేడి

ఆర్కిటిక్ మహాసముద్రంలో మంచు పలకను తాకే నీరు దాదాపు మైనస్ 1.8 డిగ్రీల చలిలో ఉంటుంది. రెండు మూడు వందల మీటర్లు దిగితే మాత్రం సున్నా కన్నా వెచ్చటి నీరు తగులుతుంది. అది అట్లాంటిక్ నుంచి వచ్చి చేరిన నీరు. వెచ్చటి నీరు పైకి తేలాలి కదా! కానీ అంత చలిలో నీటి సాంద్రతను వేడి కన్నా ఉప్పే ఎక్కువగా నిర్ణయిస్తుంది. అట్లాంటిక్ నీటిలో ఉప్పు ఎక్కువ కాబట్టి అది కిందే ఉండిపోతుంది. నదుల నీరు, కరిగిన మంచు కలిసిన తేలికపాటి పొర పైన పరుచుకుని, ఆ వేడిని మంచుకు తగలనివ్వదు.

1893లో నార్వే అన్వేషకుడు నాన్సెన్ తన 'ఫ్రామ్' ఓడను కావాలనే మంచులో ఇరికించాడు. దాదాపు మూడేళ్లు అది మంచుతో పాటే కొట్టుకుపోయింది. లోతున వెచ్చటి నీరుందని ఆ యాత్రలోనే తేలింది.

మరి ఆ వేడిని ఏడాది పొడవునా కొలిచేదెలా? చాలా ఓడలు వేసవిలోనే అక్కడికి వెళ్లగలవు. ఉపగ్రహాలకు మంచు పైభాగమే కనిపిస్తుంది. మిగతా సముద్రాల్లో తిరుగుతూ నీటిని కొలిచే 'ఆర్గో ఫ్లోట్లు' అనే పరికరాలు సమాచారం పంపాలంటే పైకి తేలాలి. ఇక్కడ మంచు అడ్డు.

అడ్డొచ్చే ఆ మంచునే ఆధారం చేసుకున్నారు అమెరికాలోని ఉడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు. 'బోయా' అనే వారి తేలే సాధనం 2004లో అలాస్కాకు ఉత్తరాన బోఫోర్ట్ ప్రాంతంలో తొలిసారి దిగింది. మంచుకు జానెడు పైచిలుకు వెడల్పున రంధ్రం తొలిచి, బోయాను పైన నిలిపి, కింద బరువు కట్టిన ఉక్కు తీగను 800 మీటర్ల దాకా వదులుతారు. తాటిచెట్టు ఎక్కి దిగే గీతకార్మికుడిలా ఒక పరికరం రోజుకు రెండు మూడు సార్లు ఆ తీగ పట్టుకుని ఎక్కి దిగుతూ ఉష్ణోగ్రత, లవణీయత, పీడనం కొలుస్తుంది. కొలతలు తీగ ద్వారానే బోయాకు చేరి, అక్కడి నుంచి ఉపగ్రహానికి వెళతాయి. మంచు ఎటు కదిలితే బోయా అటే. అందుకే ఒక్క పరికరమే వందల కిలోమీటర్ల మేర సముద్రాన్ని కొలవగలదు.

ఓడలు, ఈ బోయాల కొలతలను కలిపి 2018లో వెలువడిన పరిశోధన ఆందోళనకరమైన సంగతి చెప్పింది. బోఫోర్ట్ ప్రాంతంలో, అట్లాంటిక్ నీటికి పైనున్న పొరలో నిల్వ ఉన్న వేడి 30 ఏళ్లలో దాదాపు రెట్టింపైంది. పక్కనున్న చుక్చీ సముద్రంలో వేసవి మంచు తగ్గి, ఎండకు వేడెక్కిన నీరు బోఫోర్ట్ పై పొర కిందికి చొచ్చుకొస్తోంది. ఆ వేడి ఎప్పుడైనా పైకి కలిస్తే మంచు ఇంకా పలచబడుతుంది.

ఈ పరిశీలనలో మనకూ పాత్ర ఉంది. 2014లో ఆర్కిటిక్ దీవులైన స్వాల్‌బార్డ్‌లోని కాంగ్స్‌ఫ్యోర్డెన్ అనే సముద్రపు పాయలో భారత్ 'ఇండార్క్' అనే పరిశీలన కేంద్రాన్ని లంగరు వేసి నిలిపింది. ఆ పనిలో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ శాస్త్రవేత్తలూ పాల్గొన్నారు. అది ఒకేచోట ఉండి కొలుస్తుంది, బోయాలు తిరుగుతూ కొలుస్తాయి. రెండూ కావాలి.

మంచు పలచబడేకొద్దీ బోయాలు నిలిపే చోటే కరవవుతోంది. గడిచిపోయిన శీతకాలపు నీటి వేడిని తర్వాత వెళ్లి కొలవలేం. అందుకే ఏటా కొత్త బోయాలు దింపే ఖర్చుకు ఏ దేశమూ వెనకాడకూడదు.