కఱ్ఱ యొక్కటే చాలదు

శ్రీకాకుళము సీమకు దేహబలము క్రొత్త సంపద కాదు. వీరఘట్టమున పుట్టిన కోడి రామమూర్తి నాయుడు తన బలప్రదర్శనములతో లోకమును ఆశ్చర్యపరచెను. నరసన్నపేటకు ఎంతో దూరము లేని ఆమదాలవలస చెంత ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి, 2000 సంవత్సరమున సిడ్నీలో రెండు పద్ధతులలో కలిపి 240 కిలోల బరువెత్తి కంచు పతకము గెలిచెను. ఒలింపిక్ పతకము నందిన తొలి భారత మహిళ ఆమెయే. శక్తి ఈ నేలలో నున్నది. దానిని గుర్తించి, నిలిపి, పెంచు నెలవులే అరుదు.

హాకీ ఆటలో ఈ లోటు మఱింత స్పష్టముగ కానవచ్చును. 1928 మొదలు 1956 వరకు మన జట్టు వరుసగ ఆరు ఒలింపిక్ స్వర్ణములను పచ్చికనేలపై ఆడియే గెలిచినది. 1976లో మాంట్రియల్ ఒలింపిక్ హాకీని మొట్టమొదటిసారి కృత్రిమమైన తివాచీపై ఆడించిరి. ఆ యేడు మనకు దక్కినది ఏడవ స్థానము. 1928 తరువాత మన హాకీ జట్టు పతకము లేక తిరిగివచ్చుట అదే ప్రథమము. ఆ తివాచీ పఱచుటకు కోట్ల రూపాయలు కావలెను. దానిపై ఆటకు ముందు నీరు చల్లవలెను. పేదబిడ్డకును మైదానమునకును నడుమ గోడ లేచినట్లయ్యెను.

ఆ గోడను కొంతయైనను తగ్గింపజూచిన ప్రయత్నమునకు అనంతపురము ఉదాహరణము. స్పెయిన్ దేశమునుండి 1952లో భారతదేశమునకు వచ్చిన విన్సెంట్ ఫెర్రర్, 1969లో ఆ కఱవుజిల్లాకు చేరి, ఆర్.డి.టి. యని ప్రసిద్ధి కెక్కిన గ్రామీణాభివృద్ధి సంస్థను నెలకొల్పెను. నీరు, ఇండ్లు, బడులు, వైద్యము ఆ సంస్థ తొలి చింతలు. ఆటలు వాని వెంట వచ్చినవి. అనంతపురమున వెలసిన క్రీడాగ్రామమున క్రికెట్, ఫుట్‌బాల్, హాకీ మున్నగునవి పల్లెపిల్లలకు నేర్పసాగిరి. 2009లో ఫెర్రర్ మరణించినను పని నిలువలేదు. 2010లో టెన్నిస్ వీరుడు రఫేల్ నడాల్ అచటికి స్వయముగ వచ్చి తన సంస్థ పక్షమున టెన్నిస్ బడిని ప్రారంభించెను. ఆ బడిలో ఆటతోపాటు ఇంగ్లీషు, కంప్యూటరు నేర్పుటయు, పుష్టికరమైన ఆహార మిచ్చుటయు చేర్చిరి.

ఈ వరుసయే గమనింపదగినది. కూలికి పోవలసిన యింటి బిడ్డకు కఱ్ఱయు బంతియు పంచి ఫోటో తీయించుకొన్నంత మాత్రమున ఆటగాడు తయారు కాడు. సాయంకాలము ఆడిన బిడ్డకు రాత్రి కడుపునిండ అన్నముండవలెను. బడి మానకుండ చూచువా రుండవలెను. ఆడపిల్లను పొరుగూరి పోటీకి పంపుటకు తల్లిదండ్రులకు నమ్మకము కలుగవలెను. ఇట్టి ధర్మసంస్థ పెరుగుదలను పంచిన కఱ్ఱల లెక్కతో గాక, మఱుసటి యేడును మైదానమునకు వచ్చిన పిల్లల లెక్కతో కొలువవలెను.

పల్లెటూరి బిడ్డకు హాకీ అందని పండు కాదని చిత్తూరు సీమలో పుట్టిన ఎతిమరపు రజని చూపినది. భారత మహిళా జట్టుకు గోల్ కీపరై, 2018 జకార్తా ఆసియా క్రీడలలో వెండిపతకము గెలిచిన జట్టులో నామె నిలిచెను. ఆ యేడే బ్యూనస్ ఐరిస్ యువ ఒలింపిక్ క్రీడలలో, జట్టునకు ఐదుగురేసి ఆడు హాకీలో, మన బాలురును బాలికలును వెండిపతకములు తెచ్చిరి. ఐదుగురి ఆటకు చిన్న మైదానమే చాలును.

కావున తివాచీ లేదని నరసన్నపేట చేతులు ముడుచుకొన నక్కఱలేదు. బడి ఆవరణ, సాయంకాలము రెండు గంటలు, శ్రద్ధగల శిక్షకుడొకడు, ఆట ముగిసిన పిదప గుప్పెడు వేయించిన వేరుసెనగలు: ఆరంభమునకు ఇంతే. అనంతపురపు సంస్థకు చిరకాలము ఊతమైనవి స్పెయిన్ దేశపు సామాన్య గృహస్థుల విరాళములు. ఎన్నడును చూడని బిడ్డకు వారు చేసిన సాయమును, కన్నులయెదుట తిరుగు బిడ్డకు మన ఊరి వర్తకులు చేయలేరా? పనికై వలసపోవు కుటుంబములు ఈ జిల్లాలో పెక్కు. తల్లిదండ్రులు దూరదేశమునకు పోయినను బిడ్డ బడిలోను, మైదానములోను నిలిచియుండెనేని, అదియే ఆ ఊరు గెలిచిన మొదటి పతకము.