ఉప్పుటేరు రెండు వైపులా పారుతుంది

కొల్లేరు మాట వస్తే మన చర్చ కాంటూరు దగ్గర మొదలై కాంటూరు దగ్గరే ఆగిపోతుంది. 1999లో ఐదో కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లను ప్రభుత్వం అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో సరస్సుకు అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. 2008లో అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని శాసనసభ తీర్మానించింది. గీత ఎక్కడ గీయాలన్న ఈ తగవులో, కొల్లేటి నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు ఎవరికీ పట్టలేదు. కొల్లేరు మంచినీటి సరస్సుగా మిగులుతుందా లేదా అన్నది తేల్చేది గీత కాదు. ఎగువ నీరు అడ్డు లేకుండా ఆ ఏటిని చేరడం, చేరి సముద్రాన్ని వెనక్కి నెట్టడం.

కాంటూరు అంకె సముద్రమట్టం నుంచి అడుగుల్లో లెక్క. ఐదో కాంటూరు దాకా నిండిన కొల్లేరు సముద్రం కన్నా ఐదడుగులే ఎత్తు. అక్కడి నుంచి బంగాళాఖాతానికి ఉప్పుటేరు సుమారు 60 కిలోమీటర్లు నడవాలి. అంటే కిలోమీటరుకు అంగుళం వాలు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, వాటికి తోడు కృష్ణా, గోదావరి డెల్టాల డ్రైన్లు తెచ్చే నీళ్లన్నీ ఈ కాస్త వాలు మీదే దిగాలి. పోటు సమయంలో సముద్రం ఎదురొస్తుంది. వరద రోజుల్లో పైచేయి మంచినీటిదే. వేసవిలో ఎగువ నీరు తగ్గగానే ఉప్పునీరు ఏటి వెంట పైకి ఎగబాకుతుంది.

సరస్సులో తవ్విన చేపల చెరువుల్లో ఉన్నవీ నీళ్లే కదా, సరస్సు ఎక్కడికి పోయింది అని అడిగేవాళ్లున్నారు. ఆకాశం నుంచి చూస్తే ఆ ప్రశ్న సబబుగానే కనిపిస్తుంది. కానీ వరదను పట్టాలంటే సరస్సులో ఖాళీ ఉండాలి. చేపల చెరువు వర్షాకాలంలోనూ నిండుగానే ఉంటుంది, దాని గట్టు బయటి నీటిని లోపలికి రానివ్వదు. వరదకు మిగిలేది గట్ల మధ్య సందులే. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచి కొల్లేటికి చేరినప్పుడు లంక గ్రామాల చుట్టూ నీరు నిలబడిపోయింది. ఆ వరదకు చెరువులొక్కటే కారణమనడం అన్యాయం. బుడమేరు గండ్లు, ఎగువ ఆక్రమణల కథ వేరే ఉంది. అయితే వచ్చిన నీరు త్వరగా దిగకపోవడంలో గట్ల పాత్ర కాదనలేనిది. వరదలో ఇలా అడ్డుపడిన గట్లే వేసవిలో ఇంకో నష్టం చేస్తాయి. సరస్సు నెమ్మదిగా ఏటికి వదలాల్సిన మంచినీరు చెరువుల్లోనే ఉండిపోతే, ఉప్పును ఆపేదేమీ మిగలదు.

మరైతే ఉప్పుటేటిని వెడల్పు చేసి, సముద్రానికి సూటిగా కోత తవ్వితే సరిపోదా? ఈ వాదాన్ని తేలిగ్గా తీసుకోకూడదు, ఎందుకంటే పక్కనే ఒడిశాలో ఇలాంటి పని ఫలించింది. 2000 సెప్టెంబరులో చిలికా సరస్సుకు కొత్త ముఖద్వారం తెరిచాక చేపలు, రొయ్యల దిగుబడి బాగా పెరిగింది. ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితా నుంచి 2002లో చిలికా బయటపడింది. కానీ చిలికా జబ్బు ఉప్పు తగ్గిపోవడం. సముద్రంతో సంబంధం తెగి, మేట వేసి, కలుపు పెరిగిన ఉప్పుకయ్య అది. కొల్లేరు మంచినీటిది. సూటి కోత వరదను ఎంత వేగంగా దింపుతుందో, వేసవి పోటును అంత వేగంగా పైకి తెస్తుంది. చిలికాకు మందైనదే ఇక్కడ విషం కావచ్చు.

కోతకు రెగ్యులేటరు కడితే ఉప్పును ఆపవచ్చు, నిజమే. అయితే తలుపులు ఎప్పుడూ మూసి ఉంచితే చచ్చేది నీలకంఠ రొయ్య. అది పెరిగేది మంచినీటిలో, దాని పిల్లలు బతికేది ఉప్పు కలిసిన నీటిలో. తల్లి కిందికి దిగాలి, పిల్లలు పైకి ఎక్కాలి. అందుకే రెగ్యులేటరు కన్నా దాన్ని ఎప్పుడు తెరుస్తారన్నదే అసలు ప్రశ్న. దానికి ఏటి పొడవునా ఉప్పు శాతాన్ని ఏడాదంతా కొలవాలి, ఆ లెక్క జనానికి తెలియాలి.

ఇక అన్నిటికన్నా బరువైన అభ్యంతరం పొట్టకూటిది. 1970 దశకంలో సహకార సంఘాల పేరిట చెరువులు తవ్వించింది ప్రభుత్వమే; జిరాయితీ భూములున్న రైతులను ఆక్రమణదారుల గాటన కట్టడం సరికాదు. వాళ్లకు నష్టపరిహారం ఇవ్వాల్సిందే. కానీ చాలా చెరువులు క్రమంగా పెట్టుబడి ఉన్నవాళ్ల లీజుల్లోకి పోయాయి. వలలూ మావులూ పట్టుకుని బతికిన కొల్లేటి జాలరులు, వడ్డీలు, అదే చెరువు గట్టు మీద కూలీలయ్యారు. కాబట్టి పేదల పేరు చెప్పి ప్రతి గట్టునూ కాపాడే వాదం నిలవదు. మొత్తం కాంటూరు తగవు తేలేదాకా ఆగక్కర్లేదు కూడా. డ్రైన్లు సరస్సులో దిగే చోట్లా, ఉప్పుటేటి మొదలు దగ్గరా, ఏటి గట్ల వెంటా ప్రవాహానికి అడ్డంగా ఉన్న చెరువులను ముందుగా గుర్తించి, పరిహారం చెల్లించాల్సినవాటికి చెల్లించి తీసేయవచ్చు. ఐదో కాంటూరైనా మూడో కాంటూరైనా ఆ పని తప్పదు.